అత్తగారి గొంతు

డబ్బింగ్ కళాకారుల సమ్మె మొదలైన రోజున కూడా ఆ ఆలుమగలు ఎప్పటిలాగే ఒకే స్కూటర్ మీద స్టూడియోకి వచ్చారు. గేటు ముందు ఆమె దిగి, అట్టముక్కల మీద నినాదాలు రాసుకుని నిలబడ్డ జనంలో కలిసిపోయింది. ఆయన ఇంజను ఆపి, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, బండి నెట్టుకుంటూ లోపలికి వెళ్ళాడు. ఆమె సమ్మెలో ఉంది. ఆయన లేడు.

"పెళ్ళాన్ని ఎండలో దింపేసి తను మాత్రం ఏసీ గదిలోకి పోతున్నాడు, చూశారా!" అని గుంపులోంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. అప్పటికింకా అది నవ్వులాటే.

ఆయన సౌండ్ ఇంజనీరు. డబ్బింగ్ థియేటర్లో అద్దానికి ఇవతల కూర్చుని గొంతులు రికార్డు చేయడం, వాటిని తెరమీది పెదవులకు సరిగ్గా కుదిర్చి పెట్టడం ఆయన పని. పక్కగదిలో కుర్చీ కిర్రుమన్నా ఆయనకు వినబడిపోతుంది. అందుకే స్టూడియోలో అందరూ పాముచెవుల మాస్టారంటారు. అంత వినే మనిషి మాట్లాడేది మాత్రం చాలా తక్కువ. పొద్దస్తమానం చెవుల్లో మాటలు పోయించుకునేవాడికి ఇంటికెళ్ళాక నోరు తెరవాలనిపించదనేది ఆయన చెప్పుకునే కారణం.

ఆయన భార్య రోజూ సాయంత్రం వచ్చే ఒక సీరియల్లో అత్తగారి పాత్రకు గొంతు. ఆ పాత్ర వేసే నటికి ఈ భాష రాదు. చక్కగా ముస్తాబై వచ్చి, కళ్ళు ఉరిమి, పెదవులు కదిపి వెళ్ళిపోతుంది. ఆ కళ్ళకు తగ్గ విషమూ, వెటకారమూ, దెప్పుళ్ళూ, శాపనార్థాలూ మాత్రం ఈమె గొంతులోంచే రావాలి. పదేళ్ళు దాటిపోయింది, వస్తూనే ఉన్నాయి. ఆ గొంతు వింటే ఊళ్ళో కోడళ్ళకు ఒళ్ళు మండేది, అత్తలకు ధైర్యం వచ్చేది.

నిజానికి ఆమెది వినీ వినబడని మాట. బజారుకెళ్తే ఏదడిగినా రెండోసారి చెప్పించుకుంటారు. ఒకసారి మాత్రం కొట్టువాడు పుచ్చు వంకాయలు అంటగట్టాడని కోపం వచ్చి గొంతు పెంచింది. వాడు ఠక్కున చేతులు జోడించి, "అమ్మో, అత్తగారూ! మీరా!" అంటూ కొట్టు వెనక ఉన్న తన భార్యను కేకేసి పిలిచాడు. ఆ రోజు నుంచి వీధి వీధంతా ఆమెను అత్తగారనే పిలుస్తోంది. ఆమెకున్నది ఒక్కతే కూతురు, వేరే ఊళ్ళో ఉద్యోగం. కోడలు లేకుండానే ఆమె ఊరందరికీ అత్తగారైపోయింది.

ఆమె అసలు అత్తగారు, అంటే మాస్టారి తల్లి, ఆ ఇంట్లోనే ఉంటుంది. చూపు బాగా తగ్గిపోయింది కాబట్టి ఆవిడ సీరియల్ చూడదు, వింటుంది. టీవీలో కోడలికి చీవాట్లు పడుతుంటే పక్కనే కూర్చున్న సొంత కోడలివైపు తిరిగి తగువు పెట్టుకునేది.

"అంత మాట ఎలా అనగలిగావే అమ్మాయ్, ఆ పిల్లని?"

"నేనన్నదేముందత్తయ్యా, వాళ్ళు రాసిచ్చారు."

"రాసిస్తే అనేయడమేనా?"

సమ్మెలో డబ్బింగ్ వాళ్ళు అడిగినవి ముఖ్యంగా రెండు. ఒకటి పనిగంటలు. సీను పూర్తయ్యేదాకా మైకు ముందునుంచి కదలనివ్వకపోవడం అక్కడి రివాజు. కిందటేడు ఆమె గొంతు వాచిపోయి డాక్టరు దగ్గరికి వెళ్తే, "మీరెక్కడైనా బాగా అరుస్తుంటారా?" అని అడిగాడు. "రోజూ" అంది. "మానేయండి." "అది నా ఉద్యోగం డాక్టర్‌గారూ." ఆయన కాసేపు ఆలోచించి ఏవో మాత్రలు రాసిచ్చాడు. అంతకుముందు ఆమెకు సంఘమంటే పెద్ద పట్టింపు లేదు. కార్డు లేనిదే మైకు ముందు నిలబడనివ్వరు కాబట్టి తీసుకుంది, అంతే. ఆ మాత్రలు మింగుతూ మింగుతూ మీటింగులకు వెళ్ళడం మొదలుపెట్టింది.

రెండోది, ఒకసారి రికార్డు చేసిన గొంతును ఆ మనిషిని అడక్కుండా ఇంకోచోట వాడకూడదని. ఈ దెబ్బ ముందు తగిలింది గుంపు గొంతుల వాళ్ళకి. సంతలో కోలాహలం, కోర్టులో గుసగుసలు, ఆసుపత్రి వరండాలో సణుగుళ్ళు, ఇలాంటివన్నీ ఒకప్పుడు పదిమంది మైకు చుట్టూ మూగి చేసేవారు. వాళ్ళందరినీ పోగుచేసి తెచ్చే ఆవిడను గుంపక్క అనేవారు. ఇప్పుడు ఎవరినీ పిలవడం లేదు. పాతవి తీసి వేసేస్తున్నారు. "ఎప్పుడో నేను అరిచిన అరుపులు ఇప్పటికీ సంతలో బేరాలాడుతున్నాయి. నేను మాత్రం ఇంట్లో కూర్చున్నాను" అనేది గుంపక్క.

మాస్టారికి ఇవన్నీ తెలుసు. న్యాయమేననిపించేది కూడా. కానీ సౌండ్ వాళ్ళది వేరే సంఘం. వాళ్ళ ఒప్పందానికి ఇంకా గడువుంది, పని ఆపే వీల్లేదు. అందుకని పొద్దున భార్యను గేటు దగ్గర దించి లోపలికి వెళ్ళేవాడు. మధ్యాహ్నం బయటికొచ్చి, ఇద్దరూ ప్రహరీ గోడ నీడలో ఒకే డబ్బాలోంచి అన్నం తినేవారు. సమ్మె సంఘం నాయకుడు కూడా వాళ్ళతో వచ్చి కూర్చునేవాడు. ఆయన భారీ మనిషి, కానీ పిల్లలకూ పెంపుడు చిలకలకూ గొంతు ఇవ్వడంలో దిట్ట. పేరు కూడా చిలక అనే స్థిరపడిపోయింది. లోపల్నుంచి మేనేజరు కారు బయటికి వచ్చినప్పుడల్లా చిలక గొంతుతో, "మేనేజరుగారూ, బాగున్నారా? బాగున్నారా?" అని అరిచేవాడు. కారులో మేనేజరు కూడా నవ్వాపుకోలేక తల వంచుకునేవాడు.

మొదట్లో అంతా అలా సరదాగానే గడిచింది. ముందే డబ్బింగ్ అయిపోయిన భాగాలు చేతిలో ఉన్నాయి కాబట్టి సీరియల్ ఆగలేదు. అవి అయిపోవచ్చేసరికి మేనేజరు ముఖంలో నవ్వు పోయింది. ఒక మధ్యాహ్నం ఆయన చెమటలు తుడుచుకుంటూ మాస్టారి గదిలోకి వచ్చి కూలబడ్డాడు.

"మాస్టారూ, ఛానల్‌వాళ్ళు నా పీక మీద కూర్చున్నారు. అత్తగారివి పాత రికార్డింగులన్నీ మీ దగ్గరే ఉన్నాయిగా?"

"ఉన్నాయి."

"చిన్న సీనండీ. నాలుగే నాలుగు మాటలు. వాటిలోంచి ఏరి అతికిస్తే వస్తుందా?"

వస్తుందో రాదో చెప్పాలంటే చేసి చూడాలి. ఆ ముక్క మనసులో పడగానే మాస్టారు మిగతాదంతా మర్చిపోయాడు. పనిలో పడితే ఆయనకు ఒళ్ళు తెలియదు, అది మొదట్నుంచీ ఉన్న గుణమే. పాత ఫైళ్ళు తెరిచాడు. ఒక చోటినుంచి "నా ఇంట్లో" తీశాడు, ఇంకోచోటినుంచి "ఉండాలంటే". ఒకదానిలో కోపం ఎక్కువైతే తగ్గించాడు, ఒక మాట చివర సాగితే కత్తిరించాడు. మధ్యలో ఊపిరి పీల్చిన చప్పుళ్ళు పెదవులకు అడ్డం వస్తుంటే తీసేశాడు. ఆ గది గోడలకు అంగుళం ఖాళీ లేకుండా స్పాంజి. బయట నినాదాలు పైకప్పు ఎగిరేలా వినబడినా లోపలికి రావు. సీను తయారయ్యాక మొదట్నుంచి ఒకసారి విన్నాడు. అతుకు కనబడలేదు. మనసులో భేష్ అనుకుని హెడ్‌ఫోన్లు తీశాడు.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ గొంతు మనిషి గేటు బయట నిలబడి ఉందని.

దాచే అలవాటు ఆయనకు లేదు. ఇంటికి వెళ్తుంటే స్కూటర్ మీదే చెప్పేశాడు. "ఇవాళ నీ సీను ఒకటి చేశాను."

"నా సీనా? నేను లేకుండానా?"

"పాత మాటలు అతికించి."

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగింది. "ఎలా వచ్చింది?"

"బాగానే వచ్చింది" అన్నాడు. తన గొంతులో గర్వం ఆయనకే వినబడింది.

మర్నాడు సాయంత్రం ఆ సీను వచ్చింది. ముగ్గురూ కూర్చున్నారు. తెరమీద అత్తగారు కోడలి మీద విరుచుకుపడి, తలుపు వేసుకుని వెళ్ళిపోయింది. ముసలావిడ చెవి టీవీవైపు ఒగ్గి, "ఇవాళేమిటే అమ్మాయ్, గుక్క తిప్పుకోకుండా తిట్టేశావు? అసలు ఊపిరే పీల్చుకోలేదు" అంది.

ఆమె భర్తవైపు తిరిగి మెల్లగా చెప్పింది. "ఆ 'నా ఇంట్లో' నాకు జ్వరం వచ్చిన రోజుది. 'అడుగు పెట్టావంటే' మనమ్మాయికి ఉద్యోగం వచ్చిన రోజుది. నవ్వు ఆగక ఎన్నిసార్లు చెప్పానో మీకు గుర్తుందా?"

"ఉంది."

"బాగానే అతికించారు."

అది మెచ్చుకోలు కాదని ఆయనకు అర్థమైంది. వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఆమె మళ్ళీ ఆ మాటే ఎత్తింది. గొంతు పెంచలేదు. "అయితే, నేను లేకుండానే నాచేత పని చేయించుకున్నారన్నమాట."

మాస్టారు తడి గిన్నె ఒకటి అందుకుని తుడవసాగాడు.

"రేపు మావాళ్ళకి నేనే చెప్తాను. అందరూ టీవీలో వినే ఉంటారు. ఇది మీ చేతిపనే అని ఇంకొకరెవరో చెప్పడం నాకిష్టం లేదు."

"చెప్పు" అన్నాడాయన.

మర్నాడు స్కూటర్ వీధి మలుపు తిరగ్గానే ఆమె ఆయన భుజం తట్టింది. "ఇక్కడ దించేయండి." గేటు ఇంకా చాలా దూరం ఉంది. ఆమె నడుచుకుంటూ వెళ్ళి జనంలో కలిసి చెప్పేదాకా ఆయన మలుపులోనే ఆగి, తర్వాత బండి నెట్టుకుంటూ వచ్చాడు. ఎవరూ నవ్వలేదు. చిలక తల పక్కకు తిప్పుకున్నాడు. గుంపక్క మాత్రం మాస్టారికి వినబడేలా అంది.

"మన గొంతులేమో వాళ్ళ అల్మరాల్లో ఉన్నాయి. మనమేమో గేటు దగ్గరున్నాం. ఇంక బేరమాడ్డానికి మన దగ్గర ఏం మిగిలిందే?"

ఆ మాట ఆయన గుండెలో గుచ్చుకుంది. లోపల గదిలో కూర్చున్నా అదే వినబడుతోంది. రికార్డింగుల డిస్కులుండే ఆ అల్మరా తాళం ఎన్నేళ్ళుగానో ఆయన దగ్గరే ఉంది. దానికి తను కాపలా మాత్రమే అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

రెండు రోజులు తిరక్కుండానే మేనేజరు మళ్ళీ వచ్చాడు. ఈసారి ముఖం వెలిగిపోతోంది. సీరియల్లో పెద్ద మలుపు వస్తోందట. ఆసుపత్రి మంచం మీదున్న కోడలి పక్కన కూర్చుని అత్తగారు మొదటిసారి కన్నీళ్ళు పెట్టుకుంటుందట. వారం మొత్తం ప్రకటనలు వేస్తున్నారట.

"మీరు మొన్న చేసింది చూసి ఛానల్‌వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు మాస్టారూ. ఇది కూడా లాగించేయండి. మాటలు తక్కువే. ఏడుపు ముఖ్యం."

"ఆవిడ ఆ పాత్రలో ఎప్పుడూ ఏడవలేదండీ."

"ఇన్నేళ్ళలో ఎక్కడో ఏడ్చే ఉంటుంది, వెతకండి" అని మేనేజరు ఫోను మోగుతుంటే బయటికి పరిగెత్తాడు.

వెతకక్కర్లేదు. ఎక్కడుందో మాస్టారికి తెలుసు.

చాలా ఏళ్ళ కిందట ఒక రోజు డబ్బింగ్ మధ్యలో ఆమె అన్నయ్య పోయాడని కబురొచ్చింది. ఎవరో తలుపు తోసుకుని లోపలికెళ్ళి చెప్పారు. అద్దం అవతల ఆమె చేతిలో కాగితం జారిపోవడం ఈయన చూశాడు. కుర్చీలోంచి లేచి పరిగెత్తాడు. రికార్డింగ్ ఆపాలన్న సంగతే తోచలేదు. ఆ తర్వాత జరిగిందంతా మైకు విన్నది. ఆ ఫైలును ఆయన మళ్ళీ వినలేదు, చెరపనూ లేదు. ఏమీ అర్థంకాని పేరొకటి పెట్టి ఒక మూల పడేశాడు.

ఆ మధ్యాహ్నం దాన్ని తెరిచాడు. కోపంగా ఒక డైలాగు మొదలైంది. తలుపు చప్పుడు. ఎవరిదో గొణుగుడు. కాగితం నేలకు తగిలిన శబ్దం. అక్కడ ఆపేశాడు. వేలు మీట మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆ తర్వాత ఉన్నది ఏ సీనుకైనా సరిపోతుంది. అతుకు కూడా అక్కర్లేదు. ఆ మాట తనకు తోచినందుకే ఆయన వేలు మీట మీంచి లాగేసుకున్నాడు.

మేనేజరు తిరిగొచ్చేసరికి మాస్టారు కంప్యూటర్ కట్టేసి లేచి నిలబడి ఉన్నాడు.

"దొరికిందా?"

"లేదండీ. ఉన్నా నేను చేయను."

"అదేంటి మాస్టారూ, మొన్న చేశారుగా!"

"మొన్న చేశాను" అని ఒప్పుకున్నాడు ఆయన. సంచి తీసుకుని బయటికొచ్చాడు.

ఇంటికెళ్ళాక ఆమెకు ఆ రికార్డింగు సంగతి మొత్తం చెప్పాడు. పెరటి గుమ్మంలో కూర్చుని ఆరేసిన బట్టలు మడతపెడుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఇన్నేళ్ళు ఉంచారా దాన్ని?"

"చెరపడానికి చేతులు రాలేదు."

"విన్నారా?"

"కాగితం పడేదాకా విన్నాను."

ఆమె చేతిలో ఉన్న చొక్కా మడత పూర్తి చేసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కానీ కారలేదు. "పిచ్చి మనిషీ, అది అక్కడ ఉండాల్సింది కాదు. మన ఇంట్లో ఉండాలి" అంది. ఇంకో చొక్కా అందుకుంటూ, "మీవాళ్ళతో మాట్లాడకూడదూ?" అని అడిగింది. "మా పెద్దమనుషులు మీ మేనేజరుతో ఎన్నిసార్లు కూర్చున్నా, 'మీరు లేకపోయినా సీరియల్ నడుస్తోందిగా' అంటున్నాడట. నడిపిస్తున్నది మీరే కదా."

"నేను మాట్లాడటమా!" అన్నాడు మాస్టారు.

"మరి నేను మీ గొంతు అతికించి వినిపించనా?"

సమ్మె మొదలయ్యాక ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్వింది అప్పుడే.

సౌండ్ ఇంజనీర్ల సంఘం ఆఫీసు ఒక మందుల షాపు పైన చిన్న గది. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు పాత క్యాలెండరు, పైన లొటలొటలాడే ఫ్యాను. ఆ చప్పుడు సౌండ్ వాళ్ళెవరూ భరించలేరు. అందుకని మీటింగ్ అనగానే ముందు ఫ్యాను కట్టేసి, చెమటలు కక్కుకుంటూ కూర్చుంటారు. ఆ రోజు గది నిండిపోయింది. మాస్టారు మాట్లాడతాడట అన్న కబురే సగంమందిని రప్పించింది.

ఆయన లేచి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. మొదటి సీను తనే చేశానన్నాడు. భార్య అన్నయ్య పోయిన రోజు రికార్డింగు సంగతీ చెప్పాడు.

కార్యదర్శి జాగ్రత్త మనిషి. "మాస్టారూ, మన ఒప్పందం వచ్చే ఏడాదిదాకా ఉంది. పని ఆపితే మాట తప్పింది మనమే అవుతాం" అన్నాడు.

"పని ఆపమనడం లేదు. ఇది మన పనేనా అని అడుగుతున్నాను."

"అతికించడం ఎడిటింగే కదండీ?" అని వెనకనుంచి ఒకతను అన్నాడు.

"మనిషి వచ్చి చెప్పిన మాటలో తప్పుంటే దిద్దుతాం. అది మన పని. చెప్పని మాట పుట్టించడం ఎక్కడుంది ఒప్పందంలో? రోజూ వాళ్ళ గొంతులు మన దగ్గర దాస్తున్నాం. దాచినంత మాత్రాన మనవైపోతాయా?"

"రేపు మెషీన్లు చేసేస్తాయి మాస్టారూ. మనం వద్దంటే ఆగుతుందా?"

"చేస్తాయేమో, నాకు తెలీదు. ఇవాళైతే ఇంకా మన చేతులు కావాలి వాళ్ళకి. మనల్ని అడిగేది ఇవాళే. అడిగినప్పుడే చెప్పాలి కదా."

ఆయన జీవితంలో అంత పొడుగ్గా మాట్లాడింది అదే మొదటిసారి. వాదనలు ఇంకా సాగాయి. ఉద్యోగాలు పోతాయని భయపడ్డవాళ్ళున్నారు, ఆ భయం ఉత్తుత్తిదేమీ కాదు. చివరికి కార్యదర్శే లేచి, ఒప్పందంలో రాసున్న పనులన్నీ చేస్తామనీ, పాత గొంతులతో కొత్త మాటలు తయారుచేయడం మాత్రం అందులో లేదు కాబట్టి చేయమనీ స్టూడియోలన్నింటికీ కబురు పంపుదామన్నాడు. చేతులెత్తమంటే ఒకరిద్దరు తప్ప అందరూ ఎత్తారు.

మర్నాడు మేనేజరు మాస్టారివైపు కన్నెత్తి చూడలేదు. ఏడుపు సీనుకి వేరే ఊరినుంచి ఎవరినో పట్టుకొచ్చారు. పాపం, ఆవిడ బాగానే చేసింది. కానీ సీరియల్ వస్తుండగానే ఛానల్ ఆఫీసులో ఫోన్లు మోగడం మొదలుపెట్టాయి. "మా అత్తగారికి ఏమైంది?" "జలుబు చేసిందా?" "ఈవిడెవరండీ, ఇంత మర్యాదగా ఏడుస్తోంది?" అని ఒకటే గోల. మాస్టారి తల్లి అయితే టీవీ కట్టేయమంది. "పరాయివాళ్ళింట్లో కూర్చున్నట్టుంది నాయనా."

ఆ వారంలోనే ఛానల్‌వాళ్ళే చర్చలకు పిలిచారు. బల్లకు అటువైపు మేనేజరు, ఛానల్ తరఫున నున్నగా దువ్వుకున్న ఒకాయన. ఇటువైపు చిలక, గుంపక్క, మాస్టారి భార్య. ఛానల్ ఆయన అత్తగారి గొంతు గల మనిషి ఎలా ఉంటుందోనని కాస్త బెదురుగానే వచ్చాడట. ఆమె నోరు తెరిస్తే ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

"కొంచెం గట్టిగా మాట్లాడతారా అమ్మా?"

"గట్టిగా మాట్లాడేది పనిగంటల్లోనే అండీ. ఆ గంటలెన్నో తేల్చుకుందామనే కదా వచ్చింది" అంది ఆమె.

మేనేజరే ముందు నవ్వాడు. ఆ నవ్వుతో బల్ల మీద కాస్త బిగువు సడలింది కానీ, తేలడానికి రెండు మూడు సార్లు కూర్చోవాల్సి వచ్చింది. గంటలకు హద్దు పెట్టడానికి ఒప్పుకున్నారు. పాత్రకు గొంతు ఇచ్చినవాళ్ళను అడక్కుండా ఆ గొంతు తిరిగి వాడబోమని ఒప్పుకున్నారు. గుంపు గొంతుల దగ్గర మాత్రం బండి ఆగిపోయింది.

"పదిమంది ఒకేసారి అరిస్తే అందులో ఏది ఎవరిదో ఎలా తేలుస్తారు?" అన్నాడు ఛానల్ ఆయన.

"నాది నాకు తెలుస్తుంది" అంది గుంపక్క.

"కోర్టుకి తెలియాలి కదమ్మా."

పెద్ద సన్నివేశాలకు కొత్తగా మనుషుల్ని పిలుస్తాం, మిగతావాటికి పాతవే అన్నారు. అంతకుమించి అంగుళం కదల్లేదు. చిలక సంతకం పెట్టనన్నాడు. మాస్టారి భార్య కూడా కలం కింద పెట్టేసింది. అప్పుడు గుంపక్కే కలం తీసి చిలక చేతిలో పెట్టింది. "పెట్టవయ్యా. నా కోసం ఆగితే ఆ రెండూ కూడా పోతాయి. తర్వాతి బేరంలో నన్ను మర్చిపోకండి, చాలు."

ఆ మాట ఆమె నవ్వుతూనే అంది. బయట గేటు దగ్గర అందరూ చప్పట్లు కొడుతుంటే గుంపక్క ఒక్కతే గోడవారన నడుచుకుంటూ బస్టాపుకి వెళ్ళడం మాస్టారు చూశాడు. ఆ తర్వాత ఆమెకు పెద్ద సన్నివేశాల పిలుపులు నెలకోటి కూడా రాలేదు. కొన్నాళ్ళకి ఒక లారీ కంపెనీలో డ్రైవర్లకు ఫోన్లు చేసే ఉద్యోగంలో చేరింది. సంఘం చందా మాత్రం మానకుండా కడుతోంది.

సమ్మె ముగిశాక మొదటి పని ఆ ఏడుపు సీనే. ప్రేక్షకుల పోరు పడలేక, ఆ భాగం మళ్ళీ ప్రసారం చేసేటప్పటికి అసలు గొంతుతో చేయిద్దామన్నారు. మాస్టారి భార్య గడియారం తీసి బల్ల మీద పెట్టి, చెప్పులు బయట విడిచి మైకు ముందు నిలబడింది. మొదటిసారి చెప్పాక తనే తల అడ్డంగా ఊపింది.

"చాలా అందంగా ఏడ్చేశానండీ. ఈవిడకి ఏడవడం చేతకాదు కదా. ఎప్పుడూ ఏడవలేదు."

రెండోసారి ఆ ఏడుపు దగ్గులా మొదలైంది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు, దాన్ని మింగేయాలని చూసి మింగలేకపోయినట్టు వచ్చింది. చివర్న ఒక పొడుగాటి ఊపిరి. అద్దం ఇవతల మాస్టారు దేన్నీ ముట్టుకోలేదు. పెదవులు కదలని చోట వచ్చిన ఊపిరి కూడా అలాగే ఉంచేశాడు. పాత ఫైలు అప్పటికే ఇంటికి చేరింది, స్టూడియో అల్మరాలో దాని ఆనవాలు లేదు.

ఆ తర్వాత వెనకబడ్డ భాగాలు కొండలా పేరుకుపోయి ఉన్నాయి. ఒక సాయంత్రం పెద్ద రభస సీను జరుగుతోంది. అత్తగారు వేలు చూపించి కోడలి తమ్ముణ్ణి కడిగిపారేస్తోంది. సగంలో ఆమె గోడ గడియారంవైపు చూసి, హెడ్‌ఫోన్లు తీసి స్టాండుకి తగిలించింది.

మేనేజరు పరుగున వచ్చాడు. "అమ్మా, ఒక్క అర పేజీయేగా! తిట్టు మధ్యలో ఆపేస్తారా?"

"రేపు పొద్దున మిగతాది తిడతానండీ. మర్చిపోను" అంది ఆమె.

ఆయన మాస్టారివైపు చూశాడు. మాస్టారు అప్పటికే దీపాలు ఆర్పుతున్నాడు.

బయటికొస్తే ఇంకా ఎండ ఉంది. ఆ వేళకు వీధి ఎలా ఉంటుందో వాళ్ళు మర్చిపోయారు. పిల్లలు బళ్ళనుంచి వస్తున్నారు, కొట్లవాళ్ళు ముందు నీళ్ళు చల్లుకుంటున్నారు. ఏం చేయాలో తోచక ఇద్దరూ కాసేపు బజారంతా తిరిగి, అవసరం లేకపోయినా కూరగాయలు కొన్నారు. ఆమె వంకాయలు ఒక్కొక్కటే తిప్పి చూస్తుంటే కొట్టువాడు తనే మంచివి ఏరి ఇచ్చాడు.

ఇంటి తలుపు తీసిన చప్పుడు వినగానే లోపల్నుంచి ముసలావిడ కంగారుగా కేకేసింది.

"ఇంత పెందలాడే వచ్చేశారేమిట్రా? మళ్ళీ సమ్మెనా?"